గడప తగ్గించిన ఇళ్లు

1978 అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అంతకు ముందు నెలలోనే జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. ఇక వెట్టి చేసేది లేదని ఊళ్లకు ఊళ్లే తెగేసి చెప్పాయి. ఆ వెనుకే పోలీసు క్యాంపులు, కేసులు వచ్చాయి. వాన మీద ఆధారపడిన చెలకల్లో పంట అంతంతమాత్రం. సముద్రానికి అవతల మరో కథ నడుస్తోంది. 1973లో చమురు ధర పెరిగాక గల్ఫ్ దేశాల్లో రోడ్లు, ఓడరేవులు, మేడలు లేస్తున్నాయి, వాటికి కూలీలు కావాలి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల చుట్టుపక్కల పల్లెల నుంచి పడుచువాళ్లు బొంబాయి మీదుగా దుబాయి, మస్కట్, బహ్రెయిన్ బాట పట్టారు.

అప్పుడు పాతికేళ్ల వయసులో విమానం ఎక్కిన మనిషికి ఇప్పుడు డెబ్బై దాటాయి. అతను పంపిన పైసలతో కట్టిన రెండంతస్తుల ఇల్లు చెక్కుచెదరలేదు. పైఅంతస్తు ఎక్కడానికి మోకాళ్లే సహకరించడం లేదు.

ఆ ఇళ్లలో ఇప్పుడు మళ్లీ సుతారి పని నడుస్తోంది. కొత్త గది కోసమో, మరో స్లాబు కోసమో కాదు. ఒకచోట మెట్టు ఎత్తు తగ్గిస్తున్నారు, ఒకచోట బాత్రూము తలుపు తీసి బయటికి తెరుచుకునేలా బిగిస్తున్నారు, ఇంకోచోట నేలబారు పాయిఖానా పళ్లెం పగలగొట్టి కమోడ్ పెడుతున్నారు. చాలాసార్లు పని చెప్పేది దోహా నుంచో షార్జా నుంచో ఫోన్ చేసే కొడుకు, చేయించుకునేది ఇంట్లో ఒంటరిగా ఉండే బాపు, అవ్వ. ఊళ్లో ఎవరూ దీన్ని పెద్ద సంగతిగా చెప్పుకోరు. అయినా ఈ ప్రాంతపు ఇల్లు గత యాభై అరవై ఏళ్లలో ఎట్లా మారుతూ వచ్చిందో తెలియాలంటే ఈ చిన్న చిన్న మరమ్మతుల దగ్గర ఆగి చూడాలి. ఇల్లు మారిన ప్రతిసారీ అందులో ముసలివాళ్లు ఎట్లా నడుస్తారన్న ప్రశ్న అన్నిటికన్నా వెనకబడింది.

మట్టి ఇంటితో మొదలుపెడదాం.

పాత ఇంటికి మూరెడు మందం మట్టి గోడలు, టేకు దూలాలు, వాసాలు, పైన గూనపెంక. కలిగినవాళ్లదైతే భవంతి: నడుమ వాకిలి, చుట్టూ సాయబాను, దాని వెనక అర్రలు. ఇంటికి దర్వాజ నిలబెట్టే రోజు చిన్న పండుగే. వడ్లాయన తెచ్చిన చౌకట్టుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, నవధాన్యాల మూట పైకమ్మికి వేలాడదీసి నిలబెట్టేవారు. నాలుగు కమ్ముల్లో కింది కమ్మే గడప. దానికి పనులు చాలా ఉన్నాయి. చౌకట్టు మూల వదులవకుండా పట్టి ఉంచడం, వాన నీళ్లు లోపలికి రాకుండా ఆపడం, పాములూ తేళ్లూ సులువుగా దూరకుండా అడ్డు నిలవడం. శుక్రవారం శుక్రవారం పసుపు కుంకుమలు అందుకునే చోటు కూడా అదే.

ముసలి కాళ్లకు మాత్రం అదే అన్నిటికన్నా కష్టమైన జాగ. పాత దర్వాజలు పొట్టివి. లోపలికి పోవాలంటే తల వంచాలి, అదే అడుగులో కాలు ఎత్తాలి, చేతికర్రను అవతల మోపాలి. మూడు పనులూ ఒకేసారి చేయాలి. పట్టుకోవడానికి చౌకట్టు తప్ప మరోటి ఉండదు. బయటి ఎండలోంచి లోపలి చీకట్లోకి వచ్చే కళ్లకు నేల కనిపించేసరికి కాసేపు పడుతుంది. ఈ లోపే అడుగు పడిపోతుంది.

పాత ఇంట్లో ముసలివాళ్లకు హాయిగా ఉండేది అరుగు. దర్వాజకు రెండు పక్కలా మోకాలెత్తులో కట్టిన గద్దె. కూర్చోవాలంటే నడుము పూర్తిగా వంచక్కర్లేదు, లేవాలంటే ఒకరి చేయి అడగక్కర్లేదు. పొద్దున్నుంచీ వచ్చేపోయేవాళ్లు అక్కడే పలకరిస్తారు. నులక మంచం ఇంత అనుకూలం కాదు. నులక సాగి నడుమ గుంట పడితే అందులోంచి లేవడం చిన్నవాళ్లకే కష్టం. పాత ఇంటి గురించి తలుచుకునేవాళ్లు అరుగును తలుచుకుంటారు, చల్లదనాన్ని తలుచుకుంటారు. తానాల జాలారును తలుచుకునేవాళ్లు తక్కువ. ఇంటి పక్కన పరిచిన బండలు, నీళ్ల గోలెం, పక్కన పొయ్యి మీద కాగు. పాచి పట్టిన ఆ బండల మీద తడి కాళ్లతో నడవాలి. పాయిఖానా అన్నదే లేదు. తెల్లవారకముందే చెంబు పట్టుకుని చెలకల వైపు పోవాలి. రాత్రిపూట కడుపు నొప్పి వస్తే, వానాకాలం బురదలో, కళ్లు మసకబారిన ముసలావిడ ఎంత దూరం పోగలదు? అందుకే చాలామంది పెద్దవాళ్లు పొద్దుగూకాక నీళ్లు తాగడం మానేసేవారు. పాత ఇల్లు మనుషుల తోడు ఇచ్చింది, ఒంటికి సుఖం ఇవ్వలేదు. ఈ రెంటినీ కలిపేసి పాతకాలమే మేలనుకోవడం ఆ ఇళ్లలో ముసలితనం గడిపినవాళ్లకు అన్యాయం.

సిరిసిల్లలో పద్మశాలీల ఇంటికి ఇంకో చిక్కుండేది. చేతిమగ్గం నేసే కాలంలో గుంట మగ్గం ఇంట్లోనే. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నేతగాడు అంచున కూర్చుంటాడు. పగలు బతుకునిచ్చే గుంట, రాత్రి లేచి నడిచే ముసలివాళ్లకు ఇంటి నడుమ పొంచి ఉన్న ప్రమాదం. తర్వాత భివండి, షోలాపూర్‌లలో పనిచేసి వచ్చినవాళ్లు మరమగ్గాలు తెచ్చారు. ఇక్కడివాళ్లు వాటిని సాంచాలు అంటారు. సాంచాకు మట్టసమైన గట్టి నేల కావాలి. గుంటలు పూడ్చారు, బండలు పరిచారు. ఇంటి నేల చదునవడానికి కారణం ముసలివాళ్ల మీద దయ కాదు, యంత్రం బరువు. ఏ కారణంతోనైనా చదునైంది, అది మేలే. కాకపోతే ముందు అర్ర నిండా సాంచాలు రావడంతో మంచాలు వెనక్కి జరిగాయి. పొద్దస్తమానం ఆ చప్పుడు మధ్యే ఇంటి పెద్దల నిద్ర.

సిరిసిల్లకు మరో విశేషం ఉంది. 1970లో ఇక్కడ సహకార విద్యుత్ సరఫరా సంఘం పని మొదలుపెట్టింది. ఇప్పటికీ జనం దాన్ని సెస్ అనే పిలుస్తారు. దేశంలో మొదటి విడతలో ఏర్పడిన అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఇది ఒకటి. మోటార్లకు, సాంచాలకు కరెంటు ఇవ్వడమే దాని పేరు ప్రతిష్ఠలకు మూలం. అదే తీగ మీద ఇంట్లోకి ఒక బల్బు కూడా వచ్చింది. రాత్రి లేచిన మనిషికి గడప కనిపించడం మొదలైంది అప్పుడే. పెద్దల భద్రత చరిత్ర ఎవరైనా రాస్తే ఆ బల్బుకు ఒక పేజీ ఇవ్వాలి.

జగిత్యాల వైపు మార్పు నీళ్లతో వచ్చింది. 1963లో నెహ్రూ పోచంపాడు ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. అదే తర్వాత శ్రీరాంసాగర్. దాని కాకతీయ కాలువ మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా సాగింది. చెలకలు పొలాలయ్యాయి. వరి, పసుపు, చెరకు పెరిగాయి. జగిత్యాల జిల్లాలో ముత్యంపేటలు రెండున్నాయి. మల్యాల మండలంలోని ముత్యంపేట కొండగట్టు అంజన్న ఊరు. మల్లాపూర్ మండలంలోని ముత్యంపేటలో నిజాం షుగర్స్ యూనిట్ వెలసింది. 1930లలో బోధన్‌లో పుట్టిన కంపెనీకి ఇది కొమ్మ. చెరకు బండ్లు, ట్రాక్టర్లు బారులు తీరే ఆ ఊరి చుట్టుపక్కల రైతు చేతికి ఒక్కసారిగా మొత్తం పైసలు వచ్చేది చెరకు బిల్లుతోనే. నెలజీతం ఉన్న ఫ్యాక్టరీ కార్మికుడికీ, చెరకు వేసిన రైతుకూ మొదట పుట్టే కోరిక ఒకటే: పెంకలు దించి స్లాబు వేయాలి.

స్లాబుతో పాటు బేస్‌మెంట్ వచ్చింది. మట్టి ఇల్లు వీధికి ఒక మెట్టు ఎత్తులో ఉండేది. స్లాబు ఇల్లు రెండు మూడు అడుగులు లేచింది. కాలువ నీళ్లతో పొలాల పక్క ఊళ్లలో చెమ్మ పెరిగింది, ఎత్తు కట్టడానికి అదొక కారణం. రెండో కారణం మనిషి మనసులోది. దొరల గడీలు ఎత్తుగా ఉండేవి, వాటి ముందు తల వంచుకుని నిలబడ్డ తాతల మనవలు తమ ఇల్లు కూడా వీధి మీంచి పైకి ఎక్కేలా కట్టుకోవాలనుకున్నారు. ఈ కోరికను తప్పు పట్టలేం. ఆ ఎత్తు వెనక ఒక తరం ఆత్మగౌరవం ఉంది.

ఆ తర్వాత గల్ఫ్ ఇళ్లు. వాటి తీరు ఈ ప్రాంతంలో ఎవరైనా దూరం నుంచే గుర్తుపడతారు. ముందు వరుస స్తంభాలు, పైన బాల్కనీ, రంగులు, బయటి పక్క నుంచి పైకి పోయే మెట్లు. ఆ మెట్ల కింద మిగిలిన మూల వృథా పోకుండా అక్కడే ఇరికించిన బాత్రూము. పైకప్పు వాలుగా దిగుతుంది, తలుపు రెండడుగుల వెడల్పు, లోపలికి పోవాలంటే మళ్లీ తల వంచాలి. మట్టి ఇంటి పొట్టి దర్వాజ పోయిందనుకుంటే మెట్ల కింద మళ్లీ పుట్టింది.

ఇల్లు కట్టిస్తున్న మనిషి అక్కడ లేడు. నక్షా గురించి, కొలతల గురించి ఉత్తరాల్లో, తర్వాత టెలిఫోన్ బూతుల్లో మాటలు సాగేవి. ఎడారిలో పన్నెండు గంటలు చెమటోడ్చే మనిషి ఊహించుకున్న ఇల్లు తాను తిరిగొచ్చి బలంగా, దర్జాగా తిరిగే ఇల్లు. అందులో ముసలితనానికి అర్ర లేదు. ఉండాలని అడిగినవాళ్లూ లేరు.

నేల కూడా మారింది. మొదట షాబాద్ బండ, తాండూరు బండ. గరుకుగా, మట్టిరంగులో ఉండే ఆ బండల మీద కాలు నిలిచేది. తర్వాత గ్రానైట్. కరీంనగర్ గుట్టల్లో తవ్వే టాన్ బ్రౌన్ రాయి ప్రపంచమంతా అమ్ముడుపోతుంది, ఇంటి పక్కనే దొరికే ఆ రాయిని అద్దంలా పాలిష్ పట్టించి మెట్లకు, వసారాకు పరిచారు. పొడిగా ఉంటే పర్వాలేదు. కళ్లాపి చల్లిన పొద్దుట, వాన జల్లు కొట్టిన సాయంత్రం అదే మెట్టు మీద కాలు నిలవదు. దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. సుతారి గ్రైండర్ తెచ్చి ప్రతి మెట్టు అంచున మూడు గాట్లు పెడితే పాదానికి పట్టు దొరుకుతుంది. కొత్తగా వేసేవాళ్లు మెట్లకు పాలిష్ లేని గరుకు రాయే అడగాలి. ఈ ప్రాంతంలో ఇంటి పెద్ద జారిపడ్డాకే గాట్లు పెట్టించడం ఎక్కువ. ‘తుంటి బొక్క ఇరిగింది’ అన్న మాట వినగానే ఊళ్లోవాళ్లకు మిగతా కథ తెలుసు: కరీంనగర్ ఆసుపత్రి, ఆపరేషన్, మంచం.

ఇది ఈ ఊళ్ల కథే కాదు. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా దాదాపు 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు.

అరుగుల సంగతి కూడా చెప్పాలి. ఊళ్లలో సీసీ రోడ్లు వచ్చాయి. బురద పోయింది, మంచిదే. పాత రోడ్డు మీదే కొత్త కాంక్రీటు పోస్తూ పోతే వీధి ఎత్తు పెరుగుతుంది, వాన నీళ్లు పాత ఇళ్లలోకి దారి తీస్తాయి. దాంతో కొత్తగా కట్టేవాళ్లు ఇంకో అడుగు లేపుతారు. పట్టణాల్లో రోడ్లు వెడల్పు చేసినప్పుడు ముందు పోయినవి అరుగులు. అరుగు పోయిన చోట నిలువు మెట్లు మిగిలాయి. వాటికి పక్కన పట్టుకునే కడ్డీ లేదు, ఎందుకంటే రోడ్డు మీదికి జరిగే జాగ లేదు. కూర్చుని వీధిని చూసే మనిషి లోపలికి, టీవీ ముందుకు జరిగాడు.

పాయిఖానా చరిత్ర ఇంకా దగ్గరిది. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ కింద ఇంటి మరుగుదొడ్డికి 12,000 రూపాయలు ఇచ్చారు. దొడ్డి వెనక చిన్న గది, రేకుల కప్పు, నేలబారు పళ్లెం. చెలకల వైపు చీకట్లో పోయే బాధ తప్పింది. ముఖ్యంగా ఆడవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు ఇది ఎంత పెద్ద మార్పో మాటల్లో చెప్పలేం. 2016లో మొదలైన మిషన్ భగీరథతో ఇంటి నల్లా వచ్చాక నీళ్లు మోసే పనీ తగ్గింది. అయితే ఆ గది కొలతలు ముసలి ఒంటిని లెక్కలోకి తీసుకోలేదు. గొంతుకూర్చుని లేవలేని మనిషికి ఆ పళ్లెం ఉన్నా లేనట్టే. మల్లాపూర్, కథలాపూర్ లాంటి మండలాల్లో బీడీలు చుట్టిన ఆడవాళ్లను తలుచుకోండి. ఒడిలో చాట పెట్టుకుని, కాళ్లు ముడుచుకుని, రోజుకు ఎన్నో గంటలు నేల మీద కూర్చుని పిల్లల్ని సాకినవాళ్లు. తెలంగాణ ప్రభుత్వం ఆసరా కింద బీడీ కార్మికులకు పింఛను ఇచ్చింది, 2019లో దాన్ని 2,016 రూపాయలకు పెంచింది. ఆ పింఛను అందుకునే చేతులకు, బాత్రూములో లేవడానికి పట్టుకునే కడ్డీ లేదు.

అక్కడే ఊరి తెలివి పనిచేసింది. వెల్డింగ్ షాపులో ఇనుప కుర్చీ చేయించి, నడుమ రంధ్రం వదిలి, పళ్లెం మీద నిలబెట్టారు. మంచి కమోడ్ పెట్టించే స్తోమత లేని ఇళ్లకు ఇది గొప్ప ఉపాయం. చేసేటప్పుడు రెండు సంగతులు మరవకూడదు. కాళ్లకు రబ్బరు బుడిపెలు లేకపోతే తడి టైల్స్ మీద కుర్చీ జరుగుతుంది. చేతులు ఆనించే కడ్డీలు లేకపోతే సగం లాభమే.

ఇప్పుడు కొంచెం దూరం పోయి చూద్దాం. జపాన్ ఇళ్లకూ మన ఇళ్లకూ విచిత్రమైన పోలికలున్నాయి. అక్కడా చెప్పులు విడిచి ఎక్కే ఎత్తు గడప ఉంటుంది, అక్కడా నేల మీద కూర్చోవడం, అక్కడా పాతకాలపు గొంతుకూర్చునే పాయిఖానా. 2000 ఏప్రిల్‌లో జపాన్ వృద్ధుల సంరక్షణ బీమా మొదలుపెట్టినప్పుడు ఇంటి మార్పులకు ఒక్కో మనిషికి 2,00,000 యెన్ల ఖర్చు దాకా సాయం చేర్చింది. దేనికి ఇస్తారో కూడా రాసిపెట్టింది: పట్టుకునే కడ్డీలు, ఎత్తుపల్లాలు తీసేయడం, జారని నేల, పక్కకు జరిగే తలుపులు, కూర్చునే పాయిఖానా. ఈ వరుస కోరుట్లలో సుతారికి చదివి వినిపిస్తే తన వారం పని ఎవరో రాసిపెట్టారనుకుంటాడు. బ్రిటన్ 1990 నుంచే వికలాంగుల ఇంటి మార్పులకు స్థానిక సంస్థల ద్వారా గ్రాంటు ఇస్తోంది.

మన దగ్గర సాయం మనిషి చేతికి వస్తుంది, ఇంటి దాకా రాదు. 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో రాష్ట్రీయ వయోశ్రీ యోజన మొదలైంది. పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు ఇస్తారు. మంచి పథకం, ఎంతోమందికి ఆసరా అయింది. అయితే శిబిరంలో ఇచ్చిన చక్రాల కుర్చీ ఇంటికి వచ్చాక మొదటి మెట్టు దగ్గరే ఆగుతుంది. మెట్లు దాటించినా గడప దగ్గర, గడప దాటించినా రెండడుగుల బాత్రూము తలుపు దగ్గర ఆగుతుంది. ఆ పథకంలో ర్యాంపుకు పద్దు లేదు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో ముందు ఫిర్యాదు చేసి కొడుకుల నుంచి ఖర్చులు రాబట్టుకోవచ్చు. కొడుకు నెలనెలా పంపుతూనే ఉన్న ఇళ్లలో అవసరం వేరే రకంది.

2011 జనాభా లెక్కల్లో దేశంలో అరవై దాటినవాళ్లు పది కోట్ల పైచిలుకు, అంటే 8.6 శాతం. వలస ఊళ్లలో వీధిలో నడిస్తే ఆ శాతం చాలా తక్కువనిపిస్తుంది. పగటిపూట ఇళ్లలో కనిపించేది పెద్దవాళ్లూ పిల్లలే.

ర్యాంపు దగ్గర అసలు చిక్కు లెక్కలోనే ఉంది. జాతీయ భవన నియమావళి, కేంద్రం 2016లో, మళ్లీ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పే వాలు ఒకటికి పన్నెండు. అంటే అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు కావాలి. మూడడుగుల బేస్‌మెంట్‌కు ముప్పై ఆరు అడుగులు. వీధి మీదికి తెరుచుకునే ఇంటికి అంత జాగ ఎక్కడిది? అందుకని కొందరు నాలుగైదు అడుగుల్లోనే ర్యాంపు పోయించేస్తారు. అది మోటారు సైకిల్ ఎక్కించడానికి పనికొస్తుంది, మనిషికి మెట్ల కన్నా ప్రమాదం. అంత నిటారు వాలు మీద వాకర్ పట్టుకుని దిగే మనిషి ఆగలేడు. జాగ లేని చోట తెలిసిన సుతారి వేరే దారి చూస్తాడు. ఎనిమిదంగుళాల మెట్టును నాలుగంగుళాలవిగా చీలుస్తాడు, అడుగు పూర్తిగా ఆనేలా వెడల్పు చేస్తాడు, రెండు పక్కలా నడుమెత్తులో గుండ్రటి పైపు కడ్డీ బిగిస్తాడు. మధ్యలో ఆగి నిలబడేంత చిన్న గద్దె కడతాడు. ఇంటి పక్క సందు ఉంటే అందులోంచి వెనక తలుపు దాకా పొడుగు ర్యాంపు పోతుంది.

ఇంటి లోపల పనుల్లో అన్నిటికన్నా తక్కువ ఖర్చుది, ఎక్కువ ఫలం ఇచ్చేది గది మార్చడం. పైఅంతస్తులోనో వెనక మూలనో ఉన్న మంచాన్ని బాత్రూముకు దగ్గరగా కింది గదికి తెస్తే రాత్రి నడక సగానికి పైగా తగ్గుతుంది. మంచం పక్కన చేయి అందే చోట స్విచ్చు, బాత్రూము దాకా రాత్రంతా వెలిగే చిన్న లైటు. మంచం ఎత్తు కూర్చుంటే పాదాలు నేలకు ఆనేంత. పాత అరుగు ఎత్తు సరిగ్గా ఇదే.

బాత్రూము తలుపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడిపోతే బయటి నుంచి తోయలేరు, ఒళ్లే తలుపుకు అడ్డం పడుతుంది. చివరికి తలుపు పగలగొట్టాల్సి వస్తుంది. బయటికి తెరుచుకునే తలుపు, బయటి నుంచి కూడా తీయగలిగే గడియ ఉంటే తలుపు పగలగొట్టడానికి పోయే సమయం మిగులుతుంది. కడ్డీ విషయంలోనూ అంతే. చాలా ఇళ్లలో పెద్దవాళ్లు లేవడానికి తువ్వాలు వేసే సన్న కడ్డీనే పట్టుకుంటారు. అది తువ్వాలు బరువుకు బిగించింది, మనిషి బరువుకు ఊడొస్తుంది. గోడలోకి లోతుగా దించి సిమెంటుతో పట్టించిన ఇనుప పైపు కావాలి. గోడ బోలు ఇటుకలదైతే ఆ చోట ఇటుక తీసి కాంక్రీటు నింపాలి.

ఇక గడప. ఇక్కడే ఇంటి పెద్ద అడ్డం పడేది.

‘కడప తీసేస్తే లచ్చిమి పోతది బిడ్డా’ అని అవ్వ అంటుంది. సుతారి వాదించడు. ఈ మాటను మూఢనమ్మకమని తోసేయడం సులువే, అయితే ఆ గడప మీద ఆమె పెళ్లినాడు కుడికాలు పెట్టి లోపలికొచ్చింది. యాభై ఏళ్లు దానికి పసుపు రాసింది. పని తెలిసినవాళ్లు దారి కనిపెట్టారు. లోపలి గదుల దర్వాజలకు కింది కమ్మి తీసేస్తారు, మూడు కమ్ములే ఉంచుతారు. ముందు దర్వాజకు గడప ఉంటుంది, కానీ నేలను దాని ఎత్తుకు లేపుతారు, లేదా రెండు పక్కలా వాలుగా చెక్కనో రాయినో పేర్చి కలిపేస్తారు. మూడంగుళాల గడపకు పక్కకు మూడడుగుల వాలు చాలు. పసుపు రాయడానికి గడప అంచు కనిపిస్తూనే ఉంటుంది. కాలుకు మాత్రం తగలదు. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో ఏ పుస్తకంలోనూ రాసుండదు. ఆచారాన్నీ అవ్వనూ రెంటినీ నిలబెట్టిన పని అది.

సిరిసిల్ల జిల్లాలో ఇల్లు మారిన మరో కథ నీళ్లదే. మధ్యమానేరు జలాశయం కింద కొదురుపాక, వరదవెల్లి, చీర్లవంచ, చింతల్‌ఠాణా, అనుపురం లాంటి ఊళ్లు ముంపుకు గురయ్యాయి. పునరావాస కాలనీల్లో ఊరంతా ఇంచుమించు ఒకేసారి ఇళ్లు కట్టుకుంది. ఇంత పెద్ద ఎత్తున, ఇన్ని ఇళ్లు పునాది నుంచి లేచే సందర్భం అరుదు. ఎక్కువ ఎత్తు లేని బేస్‌మెంట్, వెడల్పు తలుపులు అందరికీ ఒకే నమూనాలో ఇవ్వగలిగిన సందర్భం అది. పరిహారం లెక్కల్లో, పట్టాల గొడవల్లో ఆ ఆలోచనకు చోటు దొరకలేదు. పాత ఊళ్లో కళ్లు మూసుకుని నడిచిన ముసలివాళ్లు కొత్త ఇంట్లో ప్రతి మెట్టునూ మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది.

ముత్యంపేటలో చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అప్పటి కార్మికుల్లో ఎక్కువమంది ఇప్పుడు అరవైకి అటూ ఇటూ. చెరకు పైసలతో, జీతం పైసలతో స్లాబు వేసుకున్న తరం ఆ స్లాబు కిందే వయసు మళ్లుతోంది. ఫ్యాక్టరీ మళ్లీ తెరవాలన్న మాట నడుస్తూనే ఉంది. ఇంటి మార్పులు మాత్రం ఆ నిర్ణయం కోసం ఆగేవి కావు.

ఇప్పుడు మళ్లీ ఒక సందర్భం వచ్చింది. 2024 మార్చిలో భద్రాచలంలో ప్రభుత్వం ఇందిరమ్మ ఇళ్ల పథకం ప్రారంభించింది. ఇంటికి 5 లక్షల రూపాయలు, కనీసం 400 చదరపు అడుగులు, వంటగది, మరుగుదొడ్డి తప్పనిసరి. బేస్‌మెంట్ పూర్తయ్యాక మొదటి లక్ష వస్తుంది. ఇంటి ఎత్తు ఖాయమయ్యేదీ ఆ దశలోనే. అప్పుడు ముందు వీధి వైపు కాకపోయినా పక్క సందు వైపు వాలుకు జాగ వదలడానికి అదనంగా పైసా అక్కర్లేదు. దర్వాజలు తెచ్చేటప్పుడు మరుగుదొడ్డికి మూడడుగుల వెడల్పు అడగడం, గోడ కట్టేటప్పుడు కడ్డీ వచ్చే చోట రెండు ఇటుకలకు బదులు కాంక్రీటు దిమ్మ పెట్టడం, పళ్లెం పెట్టినా రేపు కమోడ్ బిగించడానికి వీలుగా పైపు వదలడం. తర్వాత నేల పగలగొట్టి చేస్తే వేలల్లో అయ్యే పని ఇది.

హైదరాబాద్‌లో 1998లో మొదలైన న్యాక్, అంటే జాతీయ నిర్మాణ అకాడమీ, మేస్త్రీలకు శిక్షణ ఇస్తుంది. ఆ పాఠాల్లో ఈ కొలతలకు ఒక రోజు కేటాయిస్తే చాలు. నేర్పేవాళ్లు కూడా దగ్గర్లోనే ఉన్నారు. దుబాయి హోటళ్లలో, దోహా ఆసుపత్రుల్లో ర్యాంపులు పోసి, కడ్డీలు బిగించి, జారని టైల్స్ పరిచి వచ్చిన సుతారులు మల్లాపూర్, ఇబ్రహీంపట్నం, కథలాపూర్ ఊళ్లలో తిరుగుతున్నారు. ఇతర దేశాల ముసలివాళ్ల కోసం చేసిన ఆ పని కొలతలు వాళ్లకు నోటికి వచ్చు. వాటిని మండలాఫీసులో పంచే ఇంటి నమూనా కాగితం మీద, బేస్‌మెంట్ గీత పక్కనే అచ్చు వేయించాలి.